నల్లరేగడిలో తంగేడు

పిల్లలూ, పొడుపుకథలాంటి ప్రశ్న ఒకటి అడుగుతాను, చెప్పండి. నీళ్లు పోసేవాళ్లు లేరు, ఎరువు వేసేవాళ్లు లేరు, కంచె కట్టేవాళ్లు లేరు. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కూడా ఒంటినిండా ఆకు ఉంటుంది. కాస్త వాన పడిందంటే కొమ్మకొమ్మకూ పసుపుముద్దల్లాంటి పూలు వస్తాయి. పశువు వచ్చి వాసన చూచి పక్కకు తప్పుకుంటుంది. ఏమిటది?

తంగేడు అని చెప్పినవాళ్లకు నూటికి నూరు మార్కులు. మీలో కొందరు చెప్పలేకపోయినా నాకు ఆశ్చర్యం లేదు. పొన్నూరు, నిడుబ్రోలు చుట్టుపక్కల పుట్టి పెరిగిన పిల్లలైతే మరీను. మన ఊరు డెల్టాలో ఉన్నది. బెజవాడ దగ్గర కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఆ కాలువల నీటితో వరి పండించి, వరి కోసిన చేలో మినుము, పెసర తీసుకునే నేల మనది. చేలగట్ల దాకా సాగు చేస్తాం. తంగేడు మెట్టభూముల మొక్క. గుంటూరు దాటి కొండవీడు కొండల పక్కకో, వినుకొండ వైపుకో వెళ్లండి. పత్తిచేల, మిరపచేల మధ్య ఎవరూ దున్నని రాతినేల కనిపిస్తుంది. డొంకల పక్క, రైలుకట్టల పక్క, శ్మశానాల చుట్టూ తంగేడు తనంతట తానే పెరుగుతుంది. ఇప్పుడా డొంకలూ సన్నబడిపోతున్నాయి. రోడ్లు వెడల్పు చేసేటప్పుడు ముందుగా పోయేది గట్టుమీది పొదలే కదా!

పొన్ను అంటే బంగారం. ఇంత బంగారురంగు పువ్వు పొన్నూరులో లేకపోతే ఎట్లా? మన నల్లమట్టిలో దానిని పెంచడం సాధ్యమే. అయితే ఒక చిక్కు ఉన్నది, అది తెలిసి పెంచాలి. దాని సంగతి చెప్పబోయేముందు మొక్కను కాస్త దగ్గరగా చూద్దాం.

తంగేడు సాధారణంగా అయిదడుగుల నుంచి పదడుగుల దాకా పెరిగే గుబురు పొద. ఒక రెమ్మ తుంచి చూడండి. మీరు ఒక ఆకు అనుకునేదానిలో ఎనిమిది నుంచి పన్నెండు జతల చిట్టి ఆకులుంటాయి. చింతాకు ఎట్లా ఉంటుందో ఇదీ అట్లాగే, కాకపోతే కొంచెం పెద్దది. జతకూ జతకూ మధ్య, ఈనెమీద, సూదిమొనంత గ్రంథి ఒకటి కనిపిస్తుంది. చీమలు ఆ చుట్టూ తచ్చాడుతుంటే ఊరికే అనుకోకండి, అక్కడ తీయని ద్రవం ఊరుతుంది. ఇక ఆకు కాడ కొమ్మకు అంటుకునే చోట చూడండి. అటొకటి ఇటొకటి గుండ్రని చిన్న రేకులు, అచ్చం చెవుల్లాగా ఉంటాయి. తంగేడును గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు.

ఈ చెవులను బట్టే దానికి శాస్త్రీయ నామం వచ్చింది. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1753లో దీనికి కాసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు. ఆరిక్యులేటా అంటే చెవులు గలది. తర్వాత దీనిని సెన్నా అనే ప్రజాతిలోకి మార్చిన ఆయన మనకు కాస్త తెలిసినవాడే. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్, ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1780ల్లో మన సామర్లకోటలో ఉండి తోట వేసి, కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించాడు. ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. 1795 నుంచి అచ్చయిన ఆయన పెద్ద పుస్తకంలో మొక్కల తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1832లో వెలువడిన గ్రంథంలో తంగేడు సెన్నా ఆరిక్యులేటా అయింది. మధ్యలో శాస్త్రజ్ఞులు మళ్లీ కాసియాలో కలిపివేశారు. 1982లో ఇర్విన్, బార్నబీ అనే ఇద్దరు పరిశీలించి సెన్నాను వేరు చేశారు. మీ నాన్నగారి పుస్తకంలో ఒక పేరు, మీ పుస్తకంలో ఇంకొక పేరు ఉంటే ఏది తప్పు అని పోట్లాడుకోకండి. మొక్క ఒక్కటే.

పువ్వు సంగతి ఇంకా బాగుంటుంది. అయిదు పసుపు రేకులు, పది కేసరాలు. పైన ఉన్న మూడూ పొట్టివి, వాటిలో పుప్పొడి ఉండదు. అడుగున ఉన్న రెండు మూడు మాత్రం పొడవుగా, కొడవలిలాగా వంగి ఉంటాయి. ఈ పువ్వులో తేనె లేదు. తేనె లేని పువ్వు దగ్గరకు తుమ్మెద ఎందుకు వస్తుంది? పుప్పొడి కోసం. ఆ పుప్పొడి అయినా తేలికగా దొరకదు. చాలా పూలలో పుప్పొడి తిత్తి నిలువునా విచ్చుకుని పొడి బయటపడుతుంది. తంగేటి పువ్వులో తిత్తి కొనకు ఒక చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది, ఉప్పుడబ్బా మూతకు ఉన్నట్లు. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్లతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా గజగజ వణికిస్తుంది. అప్పుడు జుమ్మని శబ్దం వస్తుంది. ఆ వణుకుకు పుప్పొడి రంధ్రంలోంచి జల్లుగా రాలి దాని పొట్టకు అంటుకుంటుంది. ఉదయం పూట పొద దగ్గర కదలకుండా నిలబడితే మామూలుగా ఎగిరేటప్పటి మోత వేరు, పువ్వుమీద వాలినప్పటి మోత వేరు అని మీ చెవులకే తెలుస్తుంది.

పూర్వం మనవాళ్లు తేలికగా చేతికందే మంచి వస్తువును ‘తంగేటి జున్ను’ అనేవారు. జున్ను అంటే ఇక్కడ పాలజున్ను కాదు, తేనెపట్టు. చిన్నజాతి తేనెటీగలు పొదలలో, చేతికందే ఎత్తులో పట్టు పెడతాయి. తాటిచెట్టు ఎక్కనక్కరలేదు, కొండ ఎక్కనక్కరలేదు. పట్టు తంగేటి కొమ్మకు ఉన్నా, అందులోని తేనె చుట్టుపక్కల వేరే పూలది సుమా!

సాయంకాలం దీపాలు పెట్టే వేళకు తంగేడును చూడండి. చిట్టి ఆకులన్నీ జంట జంటగా ముడుచుకుంటాయి. ఒక్కొక్క చిట్టి ఆకు మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. దానిలోకి నీరు చేరితే ఆకు విచ్చుకుంటుంది, నీరు తప్పుకుంటే ముడుచుకుంటుంది. మీ బడి గంటకంటే ఇది నమ్మకంగా పనిచేస్తుంది.

ఎండకు తట్టుకునే శక్తి దీనికి ఎక్కడ నుంచి వచ్చింది? ప్రధానంగా వేరులో ఉన్నది. తల్లివేరు తిన్నగా లోతుకు దిగి, పైమట్టి ఎండిపోయినా అడుగున మిగిలిన తేమను అందుకుంటుంది. పైన ఆకులు చిన్నవి కావడం వల్ల వేడి త్వరగా పోతుంది. అందుకే వేసవిలో కూడా ఆకు రాల్చి మోడుగా నిలబడవలసిన అవసరం దీనికి లేదు. ఈ తల్లివేరు సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పని ఉన్నది.

మనుషులకు తంగేడు వల్ల కలిగిన పెద్ద ఉపయోగం మీలో చాలామంది ఊహించలేరు. తోలు! పచ్చితోలును అట్లాగే ఉంచితే కుళ్లుతుంది. టానిన్ అనే వగరు పదార్థం ఉన్న నీటిలో నానవేస్తే కుళ్లకుండా మెత్తని, గట్టి తోలు అవుతుంది. తంగేటి బెరడులో నూటికి దాదాపు 18 పాళ్లు టానిన్ ఉన్నది. మన ఊళ్లలో తోళ్లు నానవేసే తొట్టిని లంద అనేవారు. బెరడు కొట్టి, తొక్కి, లందలో వేసి, రోజుల తరబడి తోళ్లను తిరగేస్తూ ఆ పని చేసినవాళ్ల చేతులలో ఎంతో విద్య ఉండేది. చెప్పులు, మోట బొక్కెనలు, ఎడ్ల పట్టెడలు వారు చేసిన తోలుతోనే తయారయ్యేవి. ఆ పని చేసినందుకే ఊరు వారిని దూరంగా ఉంచింది. వారు చేసిన చెప్పులు వేసుకుని, వారు చేసిన బొక్కెనతో తోడిన నీటితో పంట పండించుకుని, వారిని మాత్రం బావి దగ్గరకు రానివ్వలేదు. ఇది కూడా తంగేటి చరిత్రలో భాగమే కాబట్టి చెప్పకుండా దాటిపోను.

మద్రాసు రాజధానిలో తంగేటి చెక్కతో పదును చేసిన తోళ్లు ఓడలకెక్కి లండను దాకా వెళ్లేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసులో క్రోమియం లవణాలతో తోలు చేసే పద్ధతిని ప్రవేశపెట్టారు. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే చెట్టు బెరడు దిగుమతి అయింది. అట్లా తంగేటి చెక్కకు గిరాకీ పడిపోయింది.

టానిన్ ఉన్నదో లేదో మీరే పరీక్షించవచ్చు. రెండు మూడు తుప్పు మేకులను చెంచాడు వెనిగరులోనో, నిమ్మరసంలోనో రెండు రోజులు ఉంచండి. కత్తిరించి పడేసిన తంగేటి కొమ్మనుంచి కాస్త బెరడు తీసి, నలగగొట్టి, అరగ్లాసు వేడినీటిలో నానవేయండి. ఈ నీటిలో ఆ మేకుల ద్రవం నాలుగు చుక్కలు వేయండి. నీరు ఆకుపచ్చ ఛాయగల నలుపుకు తిరుగుతుంది. టీ డికాక్షనుతో కూడా చేసి పోల్చి చూడండి. బతికున్న కొమ్మ బెరడు మాత్రం చుట్టూ ఒలవకండి. ఆకులు వండిన ఆహారం వేళ్లకు చేరే దారి ఆ బెరడులోనే ఉన్నది.

రైతులకు తంగేడు పచ్చిరొట్టగా ఉపయోగపడేది. వెనుక జీలుగ, జనుము చల్లుకోవడమేగాక, కానుగ, జిల్లేడు, తంగేడు రొట్ట కూడా తెచ్చి దమ్ములో తొక్కేవారు. ఇక్కడొక తమాషా చూడండి. తంగేడు చిక్కుడు కుటుంబానికి చెందినది. మినుము, పెసర కూడా ఆ కుటుంబమే. ఆ కుటుంబపు మొక్కల వేళ్లకు బుడిపెలుంటాయనీ, వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయనీ మీరు చదువుకున్నారు. సంక్రాంతి తర్వాత మన చేలో ఒక మినప మొక్కను మట్టితో సహా పెళ్లగించి, నీటిలో కడిగి చూడండి, బుడిపెలు కనిపిస్తాయి. తంగేటి మొక్క వేళ్లు కడిగి చూడండి, కనిపించవు. కుటుంబం ఒకటే అయినంత మాత్రాన గుణాలన్నీ ఒకటి కావు. ఆకు మట్టిలో కుళ్లి బలాన్నిస్తుంది, అంతే.

తెలంగాణాలో ఆడపిల్లలు బతుకమ్మను పేర్చేటప్పుడు గునుగుపూలతో పాటు తంగేటి పూలు ఉండవలసిందే. 2014లో తెలంగాణా ప్రభుత్వం దీనిని తమ రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. తమిళనాడులో దీనిని ఆవారం అంటారు. భోగినాడు వేపాకుతో కలిపి ఇంటి చూరుకు కడతారు. శ్రీలంకలో ఆకులను, పూలను ఎండబెట్టి టీలాగా కాచుకుంటారు.

ఇక్కడ పెద్దలకు ఒక మాట. మధుమేహానికి తంగేటి పూల కషాయం మంచిదని వినికిడి ఉన్నది. ఎవరో చెప్పారని మందులు మానివేసి కషాయం మీద ఆధారపడవద్దు, డాక్టరును అడగండి. ఇంతకంటే ముఖ్యమైన సంగతి పిల్లలది. తంగేడు కాదుగాని, చూడగానే తంగేడేమో అనిపించే మొక్క ఒకటి పాడునేలలలో, ఇళ్ల మధ్య ఖాళీ స్థలాలలో లేస్తుంది. దాని పేరు కసింద. దాని గింజలు విషం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలంలో చిన్నపిల్లలు హఠాత్తుగా స్పృహ తప్పి చనిపోతుంటే, చాలాకాలం అది మెదడువాపు అనుకున్నారు. పిల్లలు ఆటల్లో కసింద గింజలు తినడమే కారణమని 2007లో వైద్యులు వెల్లడించారు. కాలేయం, కండరాలు, మెదడు మూడూ దెబ్బతింటాయట.

అందుచేత రెంటినీ వేరుగా గుర్తుపట్టడం నేర్చుకోండి. కసింద ఆకులో నాలుగైదు జతలే ఉంటాయి, ఒక్కొక్కటి పెద్దది, కొన వాడిగా ఉంటుంది. నలిపితే చెడువాసన వేస్తుంది. కాయ సన్నగా, కొంచెం వంకరగా ఉంటుంది. తంగేటి ఆకులో చిన్నచిన్నవి ఎనిమిది జతలకు పైన, కొన గుండ్రంగా ఉంటుంది. కాయ కాగితంలాగా పలుచన. అన్నిటికీ మించి తంగేడుకు చెవులుంటాయి. చెవులు లేని మొక్క గింజ ఏరవద్దు. అసలు ఏ మొక్క గింజయినా నోట్లో పెట్టుకోవద్దు.

సరే, ఇక పెంచే సంగతి. చిక్కు ఒకటి ఉన్నదన్నాను గదా! ఆగస్టులో ఉత్సవం చేసి మొక్కలు నాటుతారు, ఫోటోలు తీసుకుంటారు. ఎండకు తట్టుకునే మొక్కలు వేస్తే వేసవిలో నీళ్ల బాధ ఉండదని ఎవరో సలహా చెబుతారు. నల్లమట్టిలో గొయ్యి తీసి తంగేడు నాటుతారు. అది మే నెల దాకా ఎదురు చూడదు, నవంబరులోనే చనిపోతుంది. నీరు లేక కాదు, నీరు ఎక్కువై! వేళ్లకు కూడా గాలి కావాలి. ఇసుకనేలలో రేణువుల మధ్య సందులు పెద్దవి. నీరు దిగిపోగానే ఆ సందులలో గాలి నిండుతుంది. నల్లరేగడిలో రేణువులు అతి సన్నవి. తడిస్తే ఉబ్బి సందులు మూసుకుంటాయి. తుపాను వానకు మూడు నాలుగు రోజులు నీరు నిలిచిందంటే తంగేటి వేళ్లకు ఊపిరాడదు. అదే రేగడి వేసవిలో ఎండి, ముడుచుకుని, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలు లేత వేళ్లను తెంపివేస్తాయి. పాత మొక్క దీనిని తట్టుకుంటుంది. పిల్లమొక్క తట్టుకోలేదు.

మీ దొడ్డి నేల ఎట్లాంటిదో ముందు పరీక్షించండి. అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి నిండా నీరు పోయండి. అది ఇంకగానే మళ్లీ నింపండి. ఈ రెండోసారి పోసిన నీరు రెండు మూడు గంటలలో ఇంకితే నేలమీదే నాటవచ్చు. తెల్లవారి చూచినా గోతిలో నీరుంటే దిబ్బ కట్టవలసిందే. పొన్నూరులో చాలా ఇళ్లకు దిబ్బే గతి.

దిబ్బ అంటే పెద్ద పనేమీ కాదు. నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే చాలు. మీ నల్లమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, ఎర్రగరుసు ఒక పాలు కలపండి. విరిగిన పెంకులు, ఇటుకముక్కలు చిన్నవిగా కొట్టి అంతటా కలిసేలా వేయండి. కొందరు పెంకులన్నీ అడుగున ఒక పొరగా పరుస్తారు. అట్లా చేస్తే పైమట్టిలో నీరు ఆగిపోతుంది తప్ప దిగదు. బాగా చివికిన పశువుల ఎరువు రెండు దోసిళ్లు చాలు. ఎరువు ఎక్కువైతే ఆకు దండిగా వస్తుంది, పువ్వు తగ్గుతుంది. దిబ్బ కట్టి ఒక వాన పడనివ్వండి. మట్టి కొంచెం కుంగుతుంది, మళ్లీ సరిచేయండి.

గింజలు చలికాలంలో సేకరించాలి. కాయలు గోధుమరంగుకు తిరిగి, చెవి దగ్గర ఊపితే గలగలమంటాయి. ఒక పొద నుంచి నాలుగు కాయలకు మించి కోయకండి. ఒక్కొక్క కాయలో పన్నెండు నుంచి ఇరవై దాకా గింజలుంటాయి, కాబట్టి కరువేమీ లేదు. పుచ్చినవి ఏరివేసి, ఎండబెట్టి, కాగితపు పొట్లం కట్టి, మీద తేదీ, తెచ్చిన చోటు రాయండి. పొట్లం మీద రాయనివాడు జూన్‌లో తెల్లమొహం వేస్తాడు.

తంగేటి గింజ పెంకు గట్టిది. అట్లాగే పాతిపెడితే కొన్ని మొలుస్తాయి, కొన్ని ఏడాదిపాటు మట్టిలో రాళ్లలాగా పడి ఉంటాయి. ఇది మొక్క తెలివే. అన్నీ ఒకేసారి మొలిచి, వెంటనే వాన వెనుక పడితే అన్నీ ఒకేసారి చచ్చిపోతాయి కదా! మనం మాత్రం నీరు పోయగలం కాబట్టి తొందరపెట్టవచ్చు. పెద్దవాళ్ల చేత నీళ్లు మరిగించి, పొయ్యి మీదనుంచి దింపి, ఒక నిమిషం ఆగి గింజల మీద పోయించండి. మర్నాటి దాకా వదిలేయండి. నీరు తాగిన గింజలు రెట్టింపుగా ఉబ్బుతాయి, వాటినే నాటండి. ఉబ్బనివాటిని ఒక పక్క ఉప్పుకాగితం మీద కొద్దిగా రుద్ది మళ్లీ నానవేయండి. గింజలతో పొయ్యిమీద పెట్టి ఉడికించకండి, పులుసులోకి తప్ప పనికిరావు!

మృగశిర కార్తె వానలు పడగానే, జూన్‌లో, పాలసంచులలో నాటండి. సంచి పొడవుగా ఉండాలి. అడుగున, పక్కల నాలుగైదు చిల్లులు పెట్టండి. వేలి గోరంత లోతున ఒక్కొక్క సంచికి రెండు గింజలు వేస్తే, వారం పదిరోజులలో మొలకలు వస్తాయి. రెండూ మొలిస్తే బలమైనది ఉంచి, రెండోదానిని కత్తెరతో కత్తిరించండి. లాగితే దాని వేరుతోపాటు దీని వేరూ కదులుతుంది. ఎండ తగిలేచోట ఉంచండి. అరుగుకింద నీడలో ఉంచితే సన్నగా, తీగలాగా సాగుతుంది.

తల్లివేరు సంగతి గుర్తుందా? సంచి అడుగున వేరు చుట్టలు చుట్టుకోకముందే, రెండు నెలలు నిండగానే దిబ్బమీదికి మార్చాలి. ఆగస్టు నెలాఖరు మంచి కాలం. సంచి పక్కగా కోసి, మట్టిగడ్డ విడిపోకుండా గోతిలో దింపండి. డొంకపక్క మొలిచిన మొక్కను పీకి తెచ్చి నాటుదామనే ఆలోచన మానండి. పీకినప్పుడు తల్లివేరు తెగుతుంది, నూటికి తొంభై చచ్చిపోతాయి, అక్కడి మొక్కా పోతుంది, ఇక్కడి మొక్కా దక్కదు.

పశువులకు తంగేడు మీద అంత ఇష్టం లేకపోయినా, మేకల సంగతి మేకలకే తెలియాలి. లేత మొక్కను తొక్కడానికి కోళ్లు, కుక్కలు కూడా చాలు. నాలుగు తుమ్మకంపలు చుట్టూ పెట్టండి.

మొదటి సంవత్సరం వేసవే అసలు పరీక్ష. ఎండాకాలంలో మన కాలువలు కట్టివేస్తారు, చెరువులో నీరు అడుగంటుతుంది. అట్లాంటప్పుడు రోజూ చెంబెడు నీళ్లు చిలకరించే పిల్లలు మొక్కకు మేలు చేస్తున్నామనుకుంటారు. పైన అంగుళం మాత్రమే తడుస్తుంది. వేరు నీటికోసం పైకే వస్తుంది. పైమట్టి ఎండగానే మాడిపోతుంది. అందుకు బదులు వారానికి ఒకసారి, మార్చి నుంచి తొలకరి దాకా, అరబిందె నీరు నెమ్మదిగా ఇంకేలా పోయండి. నీరు లోతుకు వెళితే వేరూ లోతుకు వెళుతుంది. మట్టికుండ అడుగున చిన్న చిల్లి పెట్టి, గుడ్డపేలిక వత్తి దూర్చి, మొక్కకు జానెడు దూరంలో మెడదాకా పాతి నీరు నింపి మూత పెడితే ఇంకా మంచిది. బియ్యం కడిగిన నీళ్లు కూడా పోయవచ్చు, సబ్బునీళ్లు వద్దు. మొదట్లో వరిగడ్డి నాలుగంగుళాల మందాన పరచండి. గడ్డి ఉంటే నెర్రెలు విచ్చవు. కాండానికి ఆనకుండా కొంచెం ఎడం ఉంచండి, లేకపోతే చెదలు పడుతుంది.

రెండు మొక్కలున్నవాళ్లు ఒకదానికి రోజూ చెంబెడు, రెండోదానికి వారానికి అరబిందె పోసి, ఏప్రిల్ నెలలో ప్రతి ఆదివారం ఎత్తు, ఆకుల సంఖ్య పుస్తకంలో రాసుకోండి. మీ సైన్సు మాస్టారుకు చూపించండి.

రెండో వేసవికి నెలకు ఒకసారి నీరు చాలు. మూడో వేసవినుంచి అసలు అక్కరలేదు. బడితోటలలో క్రోటన్ల మీద మనవాళ్లకున్న మోజు నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. వేసవి సెలవులు నలభై అయిదు రోజులు, నీరు పోసే నాథుడుండడు, జూన్‌లో వచ్చేసరికి ఎండుపుల్లలు. సెలవులను తట్టుకునే మొక్క బడికి కావాలి. ప్రహరీ పక్కన రెండున్నర అడుగులకొకటి చొప్పున తంగేడు నాటితే కంచెగానూ ఉంటుంది.

పురుగులు పడితే కంగారు పడవద్దు. లేత పసుపు, తెలుపు రంగుల సీతాకోకచిలుకలు వచ్చి ఆకుమీద ఒక్కొక్క తెల్లని గుడ్డు పెట్టి పోతాయి. దానిలోంచి వచ్చే ఆకుపచ్చ పురుగు కొన్ని ఆకులు తింటుంది. మందు కొట్టారో, సీతాకోకచిలుకా ఉండదు, తుమ్మెదా రాదు, ఆ తర్వాత కాయా ఉండదు. కావాలంటే ఒక పురుగును రెమ్మతో సహా గాజుసీసాలో పెట్టి, మూతికి దోమతెర గుడ్డ కట్టి, రోజూ కొత్త ఆకు వేసి, అది గూడుకట్టి రెక్కలతో బయటికి వచ్చేదాకా చూడండి. వచ్చినరోజు వదిలివేయండి.

కత్తిరించడం ఏటా ఒకసారి, తొలకరికి కొంచెం ముందు. కొమ్మలలో మూడోవంతు తీసివేయండి. పువ్వు కొత్త చిగురు కొసలకే వస్తుంది. కత్తిరించని పొద పైపైకి సాగి, అడుగు బోసిపోయి, చిటారున నాలుగు పూలు పూస్తుంది. బాగా ముదిరిన పొదను మోకాలి ఎత్తున నరికినా మళ్లీ చిగురిస్తుంది. నరికిన కొమ్మలు పారవేయక సన్నగా తరిగి దిబ్బమీదే పరచండి. బెరడు కొంచెం ఉంచుకుంటే మేకుల పరీక్షకు పనికివస్తుంది.

చక్కగా పెరిగిన మొక్క రెండో ఏడు వానాకాలం చివర పూస్తుంది. మొదటి పూలగుత్తి విచ్చిన తేదీ రాసుకోండి. ఎన్ని పూలు పూచాయో, వాటిలో ఎన్ని కాయలయ్యాయో లెక్కపెట్టండి. పూలు బోలెడు ఉండి కాయలు లేకపోతే, మీ వీధికి తుమ్మెద ఇంకా రాలేదన్నమాట. వడ్రంగి తుమ్మెద ఎండుకర్రలో బెజ్జం తొలుచుకుని కాపురం ఉంటుంది. పాత సర్వి గుంజ ఒకటి, మెత్తబడిన వెదురుబొంగులు నాలుగు, వాన తగలని మూల కట్టి ఉంచండి. కాయలు ఎండినప్పుడు పొట్లం కట్టి, తేదీతోపాటు ఈసారి తెచ్చిన చోటు అన్న జాగాలో పొన్నూరు అని రాయండి.